సబ్బాతు పూట మోగిన రేడియో

డిసెంబరు ఇరవై ఒకటి, శుక్రవారం. సాయంత్రం ఆరు గంటలకు బాల్టిమోర్‌లోని జెలిగ్ క్రాస్నర్ ఇంట్లో భోజనాల బల్ల పక్కన దీపం వెలగాలి. వెలగలేదు. దానికి బదులు వంటింట్లో రేడియో మోగింది. అందులో క్రిస్మస్ పాట వస్తోంది.

అప్పటికి యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు మొదలై గంటన్నర అయింది. శనివారం చీకటి పడేవరకు ఆ ఇంట్లో ఎవరూ మీట ముట్టరు. దీపం వేయరు, ఆర్పరు. అందుకే దీపానికి టైమరు పెట్టుకుంటారు. రేడియో కట్టెయ్యడానికి ఎవరూ లేవలేదు.

బల్ల దగ్గర ఐదుగురున్నారు. జెలిగ్‌కు అరవై ఎనిమిదేళ్లు. ఆయన భార్య షేండల్. రెండు వీధుల అవతల ఉండే కూతురు రైజల్. రైజల్ కూతురు తోబాకు పదిహేను. రైజల్ భర్త ఆ వారం తల్లిని చూడటానికి ఊరెళ్లాడు. ఐదో మనిషి అతిథి, ప్రార్థనామందిరం పెద్ద లీపా హౌజ్నర్.

జెలిగ్ ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో కోషర్ తనిఖీదారు. లోపలికి వచ్చే ప్రతి పిండి బస్తా, ప్రతి నూనె డబ్బా మీద ముద్ర చూస్తాడు. మతం ఒప్పుకోని సరుకైతే వెనక్కి పంపిస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. అక్కడి పనివాళ్లు నవంబరు చివర్లో రేడియో పెడితే క్రిస్మస్ దాకా పాటలు ఆగవు. మొదటి ఏడాది జెలిగ్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మూడో ఏడాది దూది తెచ్చుకోవడం మర్చిపోయాడు. ఏడో ఏడాదికి ఏ పాటలో ఏ చరణం ఎప్పుడొస్తుందో తెలిసింది.

ఆ గురువారం ఫ్యాక్టరీ పదకొండు రోజులకు మూతపడింది. శుక్రవారం ఉదయం జెలిగ్ ఎనిమిదింటికి లేచాడు. ఫోను మోగలేదు. వీధిలో బస్సు ఖాళీగా వెళ్లింది. ఇల్లు శుభ్రం చేసే ఇర్మా పని ముగించుకుని ఒంటిగంటకు వెళ్లింది. షేండల్ అప్పటికే అక్క ఇంటికి వెళ్లి ఉంది. జెలిగ్ టీ పెట్టుకుని, రేడియో ముల్లు తిప్పి, వంటింట్లో కూర్చున్నాడు. రెండున్నర గంటలపైనే కూర్చున్నాడు.

మూడు నలభైకి వీధి తలుపు చప్పుడైంది. జెలిగ్ రేడియో ప్లగ్గు లాగేశాడు. మీట ఆపలేదు. ముల్లు తిప్పలేదు. నాలుగు దాటాక షేండల్ కేకేసింది, "జెలిగ్, లైటు టైమరుకు పెట్టావా?" రొట్టెల డబ్బా వెనక రెండు వైర్లున్నాయి, ఒకటి దీపానిది, ఒకటి రేడియోది. రెండూ గోధుమరంగువే. ఆయన వంగి చూడలేదు. చేతికి తగిలినదాన్ని టైమరులో గుచ్చాడు. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా. మళ్లీ శనివారం పదకొండున్నర నుంచి రెండున్నర దాకా.

"ఇదేంటి?" అంది షేండల్. చేతిలో సూపు గరిటె అలాగే ఉంది.

"పక్కింటిదేమో" అన్నాడు లీపా.

తోబా లేచి వంటింటి కమాను దాకా వెళ్లి చూసింది. "అమ్మమ్మా, మన రేడియోనే! ఎర్ర లైటు వెలుగుతోంది."

"ముట్టకు!" అని ముగ్గురు ఒక్కసారే అరిచారు.

"ముట్టలేదు బాబూ. చూశానంతే. చూడ్డం కూడా తప్పేనా?"

లీపా చెంచా కింద పెట్టాడు. "జెలిగ్, నలభై ఏళ్లుగా మనం ఒకే వీధిలో ఉన్నాం. నీ ఇంట్లో సూపు తాగుతూ వాళ్ల దేవుడి పుట్టినరోజు పాట వింటానని నాకెవరైనా చెప్పి ఉంటే, పాపం వాడికి జ్వరమొచ్చింది, పడుకోబెట్టండి అనేవాణ్ణి."

"పక్కింటావిడ క్రైస్తవురాలే కదా, ఆవిడకి సబ్బాతు లేదు. ఆవిణ్ణి పిలిస్తే?" అంది తోబా.

"పిలవచ్చు గానీ ఆపమని అడక్కూడదు" అన్నాడు లీపా. "వీధిలో నిలబడి, మా ఇంట్లో చెవులు హోరెత్తిపోతున్నాయండీ, అనాలి. ఆవిడే అర్థం చేసుకుని వచ్చిందనుకో, అది ఆవిడ మంచితనం."

తోబా వెళ్లి వచ్చింది. పక్కింటికి తాళం ఉంది. వాళ్లు పండక్కి వెళ్లిపోయారు.

షేండల్ గరిటె గిన్నెలో పెట్టింది. "నా వంటింట్లో వార్తలు తప్ప ఇంకేవీ రావు. ఈ స్టేషను ఎవరు పెట్టారు?"

పాట రెండో చరణానికి వచ్చింది.

"ఇంకెవరు, పనమ్మాయి" అన్నాడు లీపా. "తుడుస్తూ పెట్టుకుని ఉంటుంది."

"అయి ఉంటుంది" అన్నాడు జెలిగ్. ఒక్క క్షణం ఆగి మరో మాట అన్నాడు. "నేనోసారి చెప్పాను కూడా. వద్దని."

"నాకెందుకు చెప్పలేదు?" అంది షేండల్. "సబ్బాతు ముందు చేసే పనా ఇది? అతిథి ముందు తలెత్తుకోలేకుండా చేసింది. రేపు సాయంత్రం ఫోన్ చేసి ఇక రావద్దని చెప్తాను."

జెలిగ్ రొట్టె తుంచాడు. తినలేదు. రైజల్ తండ్రిని చూస్తోంది. భోజనమయ్యాక లీపా సబ్బాతు పాట ఎత్తుకున్నాడు, రేడియోకు పోటీగా. షేండల్, తోబా, జెలిగ్ గొంతు కలిపారు. రైజల్ పాడలేదు. ఆ బల్ల దగ్గర ఆమె పాడక ఇరవై అయిదేళ్లయింది.

అప్పుడామెకు పదహారేళ్లు. గదిలో దిండు కింద ఒక క్యాసెట్ దొరికింది. రేడియోలోంచి ఎక్కించుకున్న క్రిస్మస్ పాటలు. ఆ సాయంత్రం ఇంట్లో పదకొండుమంది అతిథులున్నారు. జెలిగ్ క్యాసెట్‌ను బల్ల మధ్యలో పెట్టి, "ఇదేమిటో అందరికీ చెప్పు" అన్నాడు. రైజల్ చెప్పింది. "పాటలే కదా నాన్నా" అని కూడా అంది. ఆయన ఆమె చేతనే చెత్తబుట్టలో వేయించాడు. రెండ్రోజుల తర్వాత ఆడపిల్లల బడికి ఫోన్ చేశాడు. సంవత్సరాంతపు కార్యక్రమంలో ఆమె ఒక్కతే పాడాల్సిన పాటను ఇంకో అమ్మాయికి ఇచ్చారు.

శనివారం పదకొండున్నరకు రేడియో మళ్లీ మొదలైంది. ఈసారి అతిథులు లేరు. వంటకం గిన్నె తేవడానికి జెలిగ్ వంటింట్లోకి వెళ్లాడు. రైజల్ వెనకే వెళ్లింది.

"ఇర్మా నిన్న ఒంటిగంటకు వెళ్లిపోయింది" అంది. "బస్సు దగ్గర నేను చూశాను, చెయ్యి ఊపింది. అమ్మ వచ్చింది మూడు నలభైకి. మధ్యలో ఇంట్లో ఎవరున్నారు నాన్నా?"

జెలిగ్ గిన్నె మూత సర్దాడు.

"నిన్న నాలుగో పాట. రేడియోలో వాడు పాడకముందే నీ పెదాలు కదిలాయి. నేనొక్కదాన్నే చూశాను, లీపా గారు తింటున్నారు కాబట్టి."

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానా? ఈ గోలలో ఎవరికి వినిపిస్తుంది?" ఆమె గొంతు పెరిగింది. "నన్ను పదకొండుమంది ముందు నిలబెట్టావు. పదహారేళ్ల పిల్లని. నువ్వేమో లీపా ఒక్కడి ముందు కూడా నిలబడలేక ఆ ఇర్మాని అడ్డం పెట్టుకున్నావు. సాయంత్రం అమ్మ ఆమెకి ఫోన్ చేస్తుంది. అప్పుడు కూడా రొట్టె తుంచుకుంటూ కూర్చుంటావా?"

షేండల్ కమాను కింద నిలబడి ఉంది. చేతిలో దోసకాయ ముక్కల పళ్లెం.

"జెలిగ్?"

"నేనే" అన్నాడు జెలిగ్.

"నువ్వే ఏంటి?"

"స్టేషను పెట్టింది నేనే. ప్లగ్గు మార్చి పెట్టింది కూడా నేనే. ఇర్మాకేం తెలీదు."

షేండల్ పళ్లెం దించింది. "ఎన్నాళ్లుగా?"

"ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు. ఇంట్లో నాలుగేళ్లు. డిసెంబరులోనే."

"నలభై నాలుగేళ్లు కాపురం చేశాను నీతో. చెప్తే తలుపేసి కొడతాననుకున్నావా?"

"సిగ్గేసింది."

"నా దగ్గరా?"

జెలిగ్ రైజల్ వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "దాన్ని అంత చేశాక, నేనూ వింటున్నానని ఏ మొహంతో చెప్పను?"

తోబా వచ్చి తల్లి పక్కన నిలబడింది. "తాతయ్యకి ఇష్టమైతే వింటే ఏమవుతుంది? మా క్లాసులో సగం మంది వింటారు."

"వినడం కాదే ఇప్పుడు గొడవ" అంది రైజల్.

షేండల్ కుర్చీలో కూర్చుంది. రేడియోలో పిల్లల బృందం పాడుతోంది. కాసేపు విని, "అంత బాగుంటాయా?" అని అడిగింది.

"బాగుంటాయి" అన్నాడు జెలిగ్. "మందిరంలో పాడితే తప్పుల్లేకుండా పాడాలి. ఫ్యాక్టరీలో ప్రతి డబ్బా చూడాలి. ఇవి నావి కావు. వీటిల్లో నేను చూడాల్సిందేమీ లేదు. ఆ పదకొండు రోజులూ ఎవరూ నన్నేమీ అడగరు. ఊరికే కూర్చుంటాను."

నలుగురూ భోజనానికి కూర్చున్నారు. రేడియో రెండున్నరకు ఆగింది.

నాలుగుంబావుకు మందిరంలో సబ్బాతు మూడో భోజనం జరిగింది. రొట్టె, ఉప్పు చేప. పందొమ్మిదిమంది మగవాళ్లున్నారు. లీపా నిన్నటి కథ అప్పటికే ఇద్దరికి చెప్పాడు. మూడో మనిషికి చెప్తుండగా జెలిగ్ లేచి నిలబడ్డాడు.

"ఆ స్టేషను పెట్టింది పనమ్మాయి కాదు. నేను" అన్నాడు. "నిన్న లీపా ముందు అబద్ధం చెప్పాను. ఏ తప్పూ లేని మనిషి మీద నింద వేశాను. లీపా, నువ్వు చెప్పినవాళ్లందరికీ ఇది కూడా చెప్పు."

బల్ల చివర ఒకాయన, "ఏ స్టేషనూ?" అన్నాడు. పక్కాయన మోచేత్తో పొడిచాడు. ఇద్దరు నవ్వారు. మిగతావాళ్లు పళ్లేల్లోకి చూశారు. లీపా గడ్డం సవరించుకున్నాడు.

"కూర్చో జెలిగ్. చేప తిను."

జెలిగ్ కూర్చోలేదు. ప్రార్థన మొదలయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

సబ్బాతు ముగిశాక ఆరూ ఐదుకు ఆయన ఇర్మాకు ఫోన్ చేశాడు. షేండల్ పక్కనే ఉంది. నింద ఎవరి మీద వేస్తే వాళ్లనే క్షమాపణ అడగాలి. వాళ్లకు తెలియకపోయినా సరే, చెప్పి మరీ అడగాలి. జెలిగ్ చెప్పాడు. ఇర్మాకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాడు.

"మీరు వింటారని నాకు తెలుసు కదా సార్" అంది ఇర్మా. "నాలుగేళ్లుగా డిసెంబరులో నేను పనికొచ్చిన ప్రతిసారీ ముందు స్టేషను వార్తలకి మార్చేదాన్ని. అమ్మగారు పెడితే మీరు దొరికిపోతారని. నిన్న నేను వెళ్లాక విన్నట్టున్నారు."

జెలిగ్ కుర్చీలో కూర్చున్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది.

"సార్? వింటున్నారా? సోమవారం రావాలా వద్దా?"

షేండల్ ఫోను తీసుకుంది. "సోమవారం నీకు పండగ పనులుంటాయి ఇర్మా, వద్దు. గురువారం రా. ఇద్దరం కలిసి టీ తాగుదాం. ఈయన పెడతాడు."

ఏడు గంటలకు జెలిగ్ రెండు వీధులు నడిచి రైజల్ ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసింది. ఆయన గడప బయటే నిలబడి, "జరిగినదానికి నన్ను క్షమించు" అన్నాడు.

"నియమం నువ్వు నేర్పిందే కదా నాన్నా" అంది రైజల్. "మూడుసార్లు అడగాలి. ఇది ఒకటి."

ఆదివారం పదింటికి మళ్లీ వెళ్లాడు. అవే మాటలు అన్నాడు.

"రెండు" అంది రైజల్. "చలిగా ఉంది, ఇంటికెళ్లు."

సోమవారం ఆయన ఇల్లు కదల్లేదు. షేండల్ వంటింట్లో రేడియో పెట్టి, స్టేషను ఎక్కడుందో చూపించమంది. ఆయన వద్దన్నాడు.

మంగళవారం డిసెంబరు ఇరవై అయిదు. ఫ్యాక్టరీ మూతపడి ఉంది. పెద్ద రోడ్డు మీద బస్సులు తక్కువగా తిరిగాయి. పదకొండింటికి జెలిగ్ రైజల్ ఇంటి తలుపు తట్టాడు.

"జరిగినదానికి..."

"జరిగినది అంటే ఏది?" అంది రైజల్. "రెండుసార్లూ అదే మాట. ఏం జరిగిందో చెప్పి అడుగు."

జెలిగ్ టోపీ తీశాడు. లోపల ఆయన తలకంటుకుని చిన్న టోపీ ఉంది. దాన్ని సరిచేసుకున్నాడు.

"పదకొండుమంది ముందు నిన్ను నిలబెట్టాను. నీ చేత్తోనే పారేయించాను. బడికి ఫోన్ చేసి నీ పాట తీసేయించాను."

"ఇవన్నీ నాకు తెలుసు."

"నీకు తెలియనిది ఒకటుంది. ఆ రాత్రి చెత్తబుట్టలోంచి అది బయటికి తీశాను. మర్నాడు నువ్వు బడికెళ్లాక కింద గదిలో కూర్చుని విన్నాను. రెండు వైపులా. రెండో వైపు చివర్లో నువ్వు కూడా కలిసి పాడావు. మైకు దగ్గర నోరు పెట్టి, మెల్లగా."

రైజల్ తలుపు పట్టుకుంది.

"నాకు నచ్చింది" అన్నాడు జెలిగ్. "మూడుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నాను. నచ్చిందని భయమేసింది. బడికి ఫోన్ చేసింది ఆ తర్వాతే. నాలో ఉన్నదానికి శిక్ష నీకు వేశాను. దానికి క్షమించమని అడుగుతున్నాను."

లోపలినుంచి తోబా, "ఎవరమ్మా?" అని అడిగింది. "తాతయ్య" అని చెప్పింది రైజల్. తర్వాత తండ్రి వైపు తిరిగి, "క్షమించాను" అంది.

ఆ మాట కూడా మూడుసార్లు అనడం వాళ్ల ఆనవాయితీ. రెండోసారి అంది. మూడోసారి సగంలోనే ఆగిపోయింది. జెలిగ్ కదలకుండా నిలబడ్డాడు. ఆమె గుమ్మంలోనే కన్నీళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టి, మూడోసారి అంది.

తోబా వచ్చి తాతయ్య కోటు అందుకుంది. మధ్యాహ్నం రెండున్నర దాకా ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడు.