రేకు ట్రే ఎవరు పట్టుకెళ్ళారు?

కంటి డాక్టరమ్మ ఆఫీసులోకి వచ్చి, కూర్చోకుండానే మాట్లాడటం మొదలుపెట్టింది. తలవెంట్రుక కన్నా సన్నని దారంతో కన్ను కుట్టగల చేతులు ఆవిడవి. ఆ చేతులిప్పుడు హ్యాండ్‌బ్యాగు జిప్పుని ఊరికే లాగుతూ, మూస్తూ ఉన్నాయి.

"నా కారు పోయిందండీ. కానీ నా భయం కారు గురించి కాదు."

డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. పక్కనే అతని బావమరిది కలం విప్పి సిద్ధంగా ఉన్నాడు. చదువు పూర్తయ్యాక కొన్నాళ్ళు బావ దగ్గర ఉంటానని వచ్చినవాడు. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తి కాలేదు. బావ తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందని నమ్మే రకం.

డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇది. ఆవిడకి రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. దాన్ని అమ్ముతానని ఈమధ్యే ఒకాయనకి మాటిచ్చింది. పాత కార్లని అద్దాల హాల్లో వరసగా నిలబెట్టుకునే ఆయన్ని ఊళ్ళో అందరూ మ్యూజియం బాబు అంటారు. ఆయన లారీ తెస్తానన్న రోజుకి ముందురోజు, ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, కారు మాయమైంది. షెడ్డు తాళం పగల్లేదు. ఎవరో శుభ్రంగా తీసి, మళ్ళీ వేసి వెళ్ళారు.

"షెడ్డు తాళంచెవి ఇంట్లో ఒకటి, మా మేస్త్రి దగ్గర ఒకటి ఉంటాయి. కారు తాళంచెవి కూడా అంతే. ఆరోజు సాయంత్రం మేస్త్రి మా షెడ్డు దగ్గర్నుంచి వెళ్తుంటే బాబుగారి డ్రైవరు చూశాడట. ఎందుకొచ్చావని అడిగితే మేస్త్రి నోరు విప్పడం లేదు. దొంగ అతనేనని, ఇవాళ సాయంత్రం పోలీసులకి అప్పజెబుతానని బాబుగారు కూర్చున్నారు."

"మీరేమనుకుంటున్నారు?"

"ఇన్నేళ్ళూ అతను బిగించిన బ్రేకుల మీద ప్రాణం పెట్టి ఘాట్ రోడ్డు దిగానండీ. అతను దొంగని నేననుకోను. కానీ ఒకసారి స్టేషనులో కూర్చోబెట్టాక, తరవాత కాదని తేలినా అతని పరువు తిరిగొస్తుందా?"

"మరి మీవారు?"

ఆవిడ నిట్టూర్చింది. "ఆయనకి ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. ఆ కారంటే ఆయనకి పడదు. 'నాకు సవతిని తెచ్చావు' అంటారు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి నడిపి నడుం పట్టేసిందన్నారు. మళ్ళీ డ్రైవరు సీట్లో కూర్చోలేదు. ఆయన పోరు పడలేకే కదా అమ్ముతానన్నాను."

"అంత పోరులో ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

జిప్పు మీద చేతులు ఆగాయి. "కొత్త కార్లు నన్ను కూర్చోబెట్టి తీసుకెళ్తాయండీ. దాన్ని నేను నడపాలి. చలిగా ఉంటే బతిమాలాలి. రెండో గేరు వెయ్యాలంటే ఒక క్షణం ఓపిక పట్టాలి. పోయిన వానల్లో డ్రైవరు తలుపుకి లోపలి హ్యాండిల్ విరిగింది. అప్పట్నుంచీ గ్లాసు దించి, చెయ్యి బయటికి పెట్టి, బయటి హ్యాండిల్‌తో తీసుకుని దిగుతాను. మేస్త్రి దానికోసం వెతుకుతూనే ఉన్నాడు, దొరకలేదు. ఆ సంగతి నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలీదు. వారమంతా ఆసుపత్రికి నడిచే వెళ్తాను. ఆదివారం ఒక్కపూట దాన్ని బయటికి తీస్తే, ఆ వారం బరువంతా దిగిపోతుంది. మీకు నవ్వొస్తుందేమో."

"రాలేదమ్మా," అన్నాడు డిటెక్టివ్, లేచి నిలబడుతూ. "పదండి, షెడ్డు చూద్దాం."

షెడ్డు చిన్నది. గోడకి పాత టైరొకటి, మూల నీళ్ళ బకెట్టు, తుడిచే గుడ్డలు. నేలంతా సన్నటి దుమ్ము, మధ్యలో మాత్రం చాపంత మేర దుమ్ములేని నలుచదరం. డిటెక్టివ్ దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇక్కడ ఏముండేది?"

"రేకు ట్రే. ఆయిలు కారుతుంది కదా, కింద పెట్టేదాన్ని." ఆవిడ అటూ ఇటూ చూసింది. "అదేమైంది?"

"దొంగ పట్టుకెళ్ళాడు," అన్నాడు డిటెక్టివ్. అతని గొంతులో ఏదో హుషారు వినబడి బావమరిది గబగబా రాసుకున్నాడు. ఏం రాయాలో తెలియక 'ట్రే' అని రాసి కింద గీత గీశాడు.

ఎదురింటి దర్జీ మిషను ఆపకుండానే జవాబు చెప్పాడు. "ఆ కారు చప్పుడు వినబడకపోవడమేమిటండీ, గోడలు అదురుతాయి. ఆరోజూ వెళ్ళింది. రోజూ ఆ వేళకి వెళ్ళేదే కదా అని నేను తలెత్తలేదు."

"ఆ వేళ అంటే?"

"మధ్యాహ్నం భోజనాలయ్యాక."

డిటెక్టివ్ థాంక్స్ చెప్పి బయటికొచ్చాడు.

మేస్త్రి గ్యారేజీలో నేల ఎక్కడుందో కనబడదు. ఏళ్ళ తరబడి ఒలికిన ఆయిలు గట్టిపడి నల్లగా మెరుస్తోంది. బావమరిది ఒక బల్లకి ఆనుకుని, చేతికి మడ్డి అంటించుకుని, ఎక్కడ తుడవాలో తెలియక చెయ్యి గాల్లో పెట్టుకు నిలబడ్డాడు. మేస్త్రి ఏదో ఇంజను మీదికి వంగి ఉన్నాడు. తల తిప్పలేదు.

"ఆరోజు షెడ్డుకి ఎందుకెళ్ళావు మేస్త్రీ?"

"నా పని మీద వెళ్ళాను."

"కారు చూశావా?"

"లేదు. షెడ్డు ఖాళీగా ఉంది. తాళం వేసి వచ్చేశాను."

"అమ్మగారికి అప్పుడే చెప్పొచ్చుగా?"

మేస్త్రి స్పానరు కింద పెట్టాడు. "ఏం చెప్పమంటారు? నాకో మాటైనా చెప్పకుండా ముందురోజే ఇచ్చేసుకున్నారనుకున్నాను. ఇష్టం వాళ్ళది, కారు వాళ్ళది. మధ్యలో నేనెవర్ని?"

అతని చొక్కా జేబులో ఏదో ఉంది. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి దానిమీదకి పోతూనే ఉంది. డిటెక్టివ్ అది చూశాడు కానీ అడగలేదు.

తరవాత ప్రెస్సు. డాక్టరమ్మ భర్త కంప్యూటరు ముందు పెళ్ళిపత్రిక ఒకటి సరిచేస్తున్నాడు. మనిషి పొడవు. చేతులు మాత్రం ఇంకా పాత ప్రెస్సు మనిషివే, వెడల్పాటి వేళ్ళు. గది మూల నేలలోంచి నాలుగు బోల్టులు పైకి పొడుచుకుని ఉన్నాయి.

"అక్కడ చేత్తో కాగితం పెట్టి, కాలితో తొక్కి అచ్చేసే ట్రెడిల్ మిషను ఉండేది," అన్నాడాయన, డిటెక్టివ్ చూపు గమనించి. "అమ్మేశాను. తుక్కుకి కొన్నారు. ఇప్పుడన్నీ ఇందులోనే. చేతికి పనే లేదు."

"మీ కారు పోయిందని..."

"నా కారు కాదండీ. మా ఆవిడ ముద్దుబిడ్డ. పోతే పీడా పోయింది. ఎలాగూ అమ్మేసేదే కదా, పోలీసులూ డిటెక్టివులూ ఎందుకు చెప్పండి."

ఈలోగా బావమరిది వెనక గోడౌన్ గుమ్మం దగ్గర పేర్చిన కాగితం కట్టల మీద చెయ్యి వెయ్యబోయాడు. ప్రెస్సాయన కుర్చీలోంచి ఒక్క ఊపున లేచాడు.

"ఆ చెయ్యి తియ్యి బాబూ. మడ్డి మరక పడితే రీము మొత్తం పారెయ్యాల్సిందే."

బావమరిది సిగ్గుపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. డిటెక్టివ్ మాత్రం చిరునవ్వు దాచుకోవడానికి మీసం సర్దుకున్నాడు.

"సరేనండీ. సాయంత్రం మీ ఇంట్లో కలుద్దాం. మేస్త్రి మీద కేసు పెట్టేముందు అందరి మాటా వినాలి కదా."

ఆయన మొహంలో రంగు మారింది. "మేస్త్రి మీదా? ఎవరు పెడతారు?"

"బాబుగారు. మీకు తెలీదా?"

"తెలీదు. పొద్దున్నే వచ్చేశాను." ఆయన బోల్టుల వైపు చూశాడు. "వస్తాను."

బయట డిటెక్టివ్ డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న తాళాల గుత్తంతా కావాలన్నాడు. దాన్ని తెప్పించి బావమరిది చేతిలో పెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. బావమరిది కళ్ళు పెద్దవయ్యాయి.

"నిజంగానా బావా?"

"ఆయన ఇంటికి బయల్దేరాకే వెళ్ళు. ముందు చేతులు కడుక్కో."

సాయంత్రానికి అందరూ డాక్టరమ్మ ఇంటి ముందు ఆవరణలో చేరారు. మ్యూజియం బాబు పట్టు రుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. మేస్త్రి గోడ పక్కన నిలబడ్డాడు. ప్రెస్సాయన భార్య వెనక, ఎవరి మొహమూ చూడకుండా ఉన్నాడు. అంతలో వీధి మలుపులో గోడలు అదిరే చప్పుడు వినబడింది. ఎర్ర కారు గేట్లోంచి లోపలికొచ్చి ఆగింది. డాక్టరమ్మ రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కారాగినా బావమరిది మాత్రం దిగలేదు. డాక్టరమ్మ చెప్పిన కిటుకు మరిచిపోయి లోపల తలుపుతో కుస్తీ పడుతున్నాడు. చివరికి డాక్టరమ్మే వెళ్ళి బయటినుంచి తలుపు తీసింది. బయటికొచ్చి అతను చెమట తుడుచుకున్నాడు.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు మ్యూజియం బాబు.

"చెప్తాను. ముందు చిన్న పరీక్ష," అన్నాడు డిటెక్టివ్. "ఈ కారుతో బాగా అలవాటున్నవాళ్ళెవరో తేలాలి. బాబుగారూ, మీరు డ్రైవరు సీట్లో కూర్చుని దిగండి చాలు."

బాబు కూర్చున్నాడు. దిగబోయి, హ్యాండిల్ కోసం తడిమి, భుజంతో తోసి, చివరికి అద్దంలోంచి దీనంగా చూశాడు. బయటినుంచి తలుపు తీయాల్సి వచ్చింది. తరవాత మేస్త్రి కూర్చున్నాడు. గ్లాసు దించి, చెయ్యి బయటికి పెట్టి, దిగిపోయాడు. ప్రెస్సాయన ఇవేవీ చూడకుండా నేలనే చూస్తున్నాడు.

"చూశారా," అన్నాడు బాబు. "ఇంకేం కావాలి?"

మేస్త్రి తల వంచుకున్నాడు. డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

"అంతే, పరీక్ష అయిపోయింది," అన్నాడు డిటెక్టివ్ తేలిగ్గా. "ప్రెస్సుగారూ, ఒక్క సాయం. కారు గేటుకి అడ్డంగా ఉంది, కాస్త ముందుకి జరుపుతారా? మేస్త్రిని స్టేషనుకి పంపేద్దాం."

"మేస్త్రినెందుకండీ పంపడం?" అంటూ ప్రెస్సాయన సీట్లో కూర్చున్నాడు. ఇంజను మొదటిసారే అందుకుంది. "ఆ మనిషి ఒక నట్టు కూడా తనది కాదంటే ముట్టుకోడు. మీరందరూ కలిసి," ఆయన కారు ముందుకి జరిపి ఆపాడు, "అతన్ని స్టేషనుకి పంపితే నేనే వెళ్ళి చెప్తాను, అతను కాదని." అంటూనే గ్లాసు దించి, చెయ్యి బయటికి పెట్టి, తలుపు తీసుకుని దిగాడు.

అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. ఆయన అందరి మొహాలూ చూసి, తరవాత తన చేతిని చూసుకున్నాడు.

"ఇంతసేపూ నోటికి కాపలా పెట్టుకున్నారు," అన్నాడు డిటెక్టివ్. "చేతికి పెట్టుకోలేదు. హ్యాండిల్ విరిగింది పోయిన వానల్లో. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ సీట్లో కూర్చోని మనిషికి ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. డిటెక్టివే అందుకున్నాడు.

"నాకు మొదట అనుమానం పుట్టించింది రేకు ట్రే. అమ్ముకునే దొంగ కారుతో పోతాడు, ఆయిలు కారే ట్రే ఎందుకు మోసుకుపోతాడు? కారు పెట్టిన చోట నేల పాడు కాకూడదు అనుకున్నవాడే తీసుకెళ్తాడు. మేస్త్రి గ్యారేజీలో నేలకి ఇంకొక చుక్కతో వచ్చే నష్టం లేదు. బాబుగారికి తాళంచెవులు లేవు. కాగితం కట్టల గోడౌన్ ఉన్నవాడికి మాత్రం ఒక్క చుక్క కూడా ప్రమాదమే. ఇంటి గుత్తిలోని గోడౌన్ తాళంచెవితో తీస్తే కారు అక్కడే దొరికింది, కింద ట్రేతో సహా. పైన శుభ్రమైన దుప్పటి కప్పి ఉంది. దొంగలు దుప్పటి కప్పరు."

"కానీ గోడౌన్‌లోకి ఎవరైనా పోవచ్చుగా?" అన్నాడు బాబు, పట్టు వదలకుండా.

"అందుకే చేతిని సాక్ష్యానికి పిలిచాను. ఇంకోటి. డాక్టరుగారు కారు తీసేది ఆదివారాలే. ఎదురింటి దర్జీ మాత్రం రోజూ మధ్యాహ్నం వెళ్ళేదే అన్నాడు. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా ఆ కారు రోజూ ఎవరితో షికారు చేస్తోంది?"

ప్రెస్సాయన మెట్టు మీద కూలబడ్డాడు.

"ట్రెడిల్ అమ్మిన రోజున మొదటిసారి తీశాను," అన్నాడు మెల్లిగా, భార్యతోనే. "ఇంట్లో కూర్చోలేకపోయాను. చేతులకేదో కావాలనిపించింది. ఇది మొండికేస్తుంది, సద్దుతాం, మాట వింటుంది. ట్రెడిల్ కూడా అంతే ఉండేది. తరవాత ఆగలేకపోయాను. స్టీరింగు మీద నీ బొటనవేలు ఆనే చోట తోలు అరిగిపోయింది. అక్కడే నా వేలూ పెట్టుకునేవాణ్ణి."

"మరి సవతి అంటూ నా ప్రాణం తీశారు కదా."

"అన్నేళ్ళు తిట్టాక, ఇప్పుడు నచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు నాకోసమే అమ్ముతున్నావని తెలిశాక ఇంకా నోరు రాలేదు. ట్రెడిల్ లాగా ఇదీ పోతుందనుకునేసరికి, తాళం తీశాను. మేస్త్రి మీదకి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు." ఆయన లేచి మేస్త్రి ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయింది మేస్త్రీ. నిన్ను ఆ గోడ పక్కన నిలబెట్టింది నేనే."

మేస్త్రి ఆయన వైపు చూశాడు. తల ఊపాడు.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని మ్యూజియం బాబు వైపు తిరిగింది. "బాబుగారూ, మాట తప్పుతున్నాను. క్షమించండి."

బాబు మూతి ముడిచాడు. తరవాత తను ఇరుక్కున్న తలుపు వైపు చూసి లేచాడు. "నా హాల్లో కార్లకి దిగడానికి హ్యాండిళ్ళుంటాయి లెండి," అని రుమాలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఒక్కటి తేలలేదు బావా," అన్నాడు బావమరిది. "ఆరోజు మేస్త్రి ఎందుకొచ్చాడు?"

డిటెక్టివ్ మేస్త్రి జేబు వైపు చూశాడు. మేస్త్రి దాంట్లోంచి గుడ్డలో చుట్టిన వస్తువొకటి తీశాడు. మెరుగు పెట్టిన చిన్న హ్యాండిల్ అది.

"దొరికిందమ్మా. ఎన్నో షాపులు తిరిగితే దొరికింది. వేరే ఇంటికి పోతోంది కదా, అవయవాలన్నీ సరిగ్గా ఉండి పోవాలని బిగించడానికొచ్చాను. వచ్చేసరికి షెడ్డు ఖాళీ." అతను తలుపు దగ్గరికి నడిచాడు. "ఇప్పుడు బిగించెయ్యనా?"

"వద్దు," అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే.

డాక్టరమ్మ తాళంచెవి తీసి భర్త చేతిలో పెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ కూర్చోని పక్క సీటు మీది దుమ్ము చీరకొంగుతో దులిపి, కూర్చుంది.

"రెండో గేరుకి తొందరపడకండి," అంది.

"నాకు తెలుసు," అన్నాడాయన.