జడ్సన్ తలలో ఎర్ర మచ్చ

"నా తలలో మచ్చ ఉందని ఊరంతటికీ తెలిసినాక నాకు తెలియాల్నా, మెర్లిన్?"

ఆదివారం ఆరాధన కాగానే జడ్సన్ మా గడపలో నిలబడి అడిగాడు. జబ్బు పోవాలని పాస్టరుగారు నుదుటికి రాసిన నూనె ఇంకా మెరుస్తూనే ఉంది.

"ఏం మచ్చ?" అంది నా మనవరాలు. కళ్ళు వాచి ఉన్నాయని ఆ పూట చర్చికి రాలేదు.

జడ్సన్ మా మైపాడు పిల్లవాడే. నెల్లూరు ఆసుపత్రిలో స్కానింగు మిషను దగ్గర పని. మెర్లిన్ ఆ ఊళ్ళోనే ఎంటెక్ చదువుతోంది. సెల్‌ఫోను చెవికి పెట్టుకుంటే తల లోపల ఎంత వేడెక్కుతుందో కంప్యూటరులో లెక్క కడుతుంది. అందుకు నిజమైన తల కావాలంటే జడ్సన్ తన తలనే స్కాన్ తీయించి ఇచ్చాడు.

శనివారం సాయంత్రం మెర్లిన్ స్నానానికి లేచి వెళితే, తెర మీద ఆ తల చూశాను. దేవుడా, ఏం పనితనం! ఎముక, ఎముక కింద నీరు, ఆ నీటిలో వల మడిచిపెట్టినట్టు మడతలు మడతలుగా మెదడు. ఇన్నేళ్ళు నా మెడ మీద కూడా ఇంత వింత మోశానా అని చూస్తూ ఉండిపోయాను. అప్పుడే కనబడింది, చెవి పక్కన పండుమిరప రంగు మచ్చ.

పిల్ల నాలుగు రోజులుగా ఏడుస్తోంది. కారణం ఇదే అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. తెల్లారి చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమనగానే లేచి నిలబడి చెప్పేశాను.

"అవ్వా, ఏం పని చేసినావు!" మెర్లిన్ నెత్తి పట్టుకుంది. "అది జబ్బు కాదు. ఫోను వేడి. అర డిగ్రీ కూడా ఉండదు."

"అర డిగ్రీకి అంత ఎరుపా?"

"అన్నిటికన్నా ఎక్కువున్న చోట ఎరుపు వేస్తాం. కనబడాల కదా!"

జడ్సన్ కుర్చీలో కూలబడ్డాడు. "మా అమ్మ నలభై దినాలు ఉపవాసం ఉంటానని చర్చిలోనే చెప్పేసింది."

"మరి ఆ వేడి ఏమైపోతాదే?" అన్నాను.

"రక్తం మోసకపోతాది అవ్వా. వస్తానే ఉంటాది, చల్లబరస్తానే ఉంటాది."

ఎవరూ చెప్పకుండానే, మనం నిద్రపోతున్నా కూడా! నాకు ఒళ్ళు జలదరించింది.

జడ్సన్ మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. "అర డిగ్రీ కూడా లేనిదానికి, మా వాళ్ళని మీ ఇంటికి పంపనా అని నేనడిగితే 'చెవి వేడెక్కతాది, ఫోను పెట్టెయ్' అని ఎందుకన్నావు?"

మెర్లిన్ తల వంచుకుంది. "నా చెవి నిజంగానే వేడెక్కింది. ఏం చెప్పాలో తెలీలా."

"వద్దన్నావనుకున్నా."

"మళ్ళీ చేస్తావని చూస్తా ఉండా. నాలుగు రోజులు! నీ తలలో ప్రతి మడతా నాకు తెలుసు. ఇదొక్కటే తెలీలా."

"ఇప్పుడు ఫోను లేదు. చెప్పు."

ఇద్దరి చెవులూ ఆ తెర మీద మచ్చలాగే ఎర్రబడ్డాయి.

మెర్లిన్ తన చున్నీ కొంగుతో అతని నుదుటి నూనె మెల్లగా తుడిచింది.

"మీ అమ్మని ముందు అన్నం తినమని చెప్పు," అంది. "తిన్నాక మా ఇంటికి రమ్మను."