ఏనుగు మలుపులో మూడో గేరు

సీటులోని పట్టీ వీపుకు చల్లగా తగిలింది. ఓబులేసు సర్దుకుని కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమచెయ్యి గేర్ రాడ్ మీద వెయ్యబోయాడు. అక్కడ రాడ్ లేదు. కింద క్లచ్ పెడలూ లేదు. చెయ్యి కాసేపు గాల్లో వెతుక్కుని స్టీరింగ్ మీదికి వచ్చింది.

"అలవాటైపోతుంది లెండి, ఓబులేసు గారూ," అంది డాక్టర్ వకుళ, కిటికీ దగ్గర వంగి. ఆ కొత్త గేర్‌బాక్స్‌ను తయారుచేసింది ఆమే.

"అలవాటయ్యేంత సేపు దీంట్లో కూచోను మేడమ్," అన్నాడు ఓబులేసు నవ్వుతూ.

ఆ ధీమా ఊరికే రాలేదు. పెనుకొండ కొండల నడుమ ఉన్న ఆ కార్ల కంపెనీ టెస్ట్ ట్రాక్ మీద డ్రైవర్‌గా అతని మాటకు తిరుగులేదు. చేత్తో గేర్లు మార్చే స్పోర్ట్స్ కారు దేశం మొత్తం మీద అప్పటికి ఒక్కటే మిగిలింది. అది ఈ కంపెనీది. అదైనా మిగిలింది ఓబులేసు పేరు మీదే. పొద్దున ఆ కారుతో అతను ట్రాక్ చుట్టి వచ్చాడు. ఇప్పుడు కొత్త కారుతో చుట్టాలి. కొత్తది తక్కువ టైములో చుట్టొస్తే చేతి గేరు కార్ల తయారీ ఈ రోజుతో ఆపేస్తానని చైర్మన్ తేల్చి చెప్పాడు.

చేతి గేరుకు ఈ గతి ఎవరో కక్ష కట్టడం వల్ల పట్టింది కాదు. క్లచ్ తొక్కి, రాడ్ లాగి, మళ్లీ క్లచ్ వదిలేదాకా ఇంజిన్ బలం చక్రాలకు అందదు. ఎంత మొనగాడికైనా ఆ కాస్త జాప్యం తప్పదు. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ బాక్సులు వచ్చాక, ఒక గేరు నడుస్తుండగానే తర్వాతిది సిద్ధంగా కాచుకుని కూర్చునేది. మార్పు రెప్పపాటులో అయిపోయేది. పొగ పరీక్షలోనూ కంప్యూటర్ ఏ వేగానికి ఏ గేరో లెక్క ప్రకారం వేసేది, మనిషి తన సరదా కొద్దీ వేసేవాడు. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కారు తనంతట తాను ఆగే ఏర్పాటుకు కూడా మనిషి కాలి కింద ఉన్న క్లచ్‌తో తలనొప్పే. కొనేవాళ్లు తగ్గారు, దాంతో చేసేవాళ్లూ మానుకున్నారు.

అయినా డ్రైవర్ మనసులో ఏముందో కంప్యూటర్‌కు తెలియదు కదా అని చేతి గేరు అభిమానులు వాదించేవారు. వకుళ ఆ నోళ్లు కూడా మూయించింది. మనిషి ఒక పని చెయ్యాలని అనుకునే ముందే ఒంట్లో కండరాలు సన్నగా బిగుస్తాయి. సీటులోని పట్టీ ఆ బిగుతును చదివి గేర్‌బాక్స్‌కు చెబుతుంది. డ్రైవర్ అనుకునేలోపే గేరు పడుతుంది.

ట్రాక్ మీద నిజంగానే అలా పడుతుంటే ఓబులేసు ముచ్చటపడ్డాడు. కారు దాని ఇష్టానికి పరిగెత్తుతున్నట్టు లేదు, తన కాళ్లతో తానే పరిగెత్తుతున్నట్టుంది. ఇంతలో ఏనుగు మలుపు వచ్చింది.

కొండను చుట్టి తిరిగే గుడ్డి మలుపు అది. మధ్యాహ్నం అన్నం వేళకు కంపెనీ వాళ్లంతా క్యారేజీలు పట్టుకుని షెడ్డు గోడ దగ్గరికి వస్తారు. అక్కడికి కారు కనపడదు, మోత మాత్రం వినపడుతుంది. మిగతా డ్రైవర్లు ఆ మలుపులో రెండో గేరుకు దింపుతారు. అప్పుడు ఇంజిన్ కీచుమంటుంది. ఓబులేసు ఒక్కడే మూడు నుంచి దింపడు. మోత మారకుండా సాగితే గోడ దగ్గర అందరూ "మూడే!" అని అరిచి అన్నం కలుపుకోవడం అక్కడి ఆనవాయితీ. కొన్నేళ్ల కిందట అదే మలుపులో కారు పల్టీ కొట్టి అతని కాలు విరిగింది. మంచం దిగి వచ్చి మళ్లీ మూడులోనే తిప్పాడు. అతని పేరు మారుమోగింది అందుకే.

ఇవాళ కూడా అతను ఆక్సిలరేటర్ మీది నుంచి కాలు తియ్యలేదు. గేరు ఠక్కున రెండుకు పడింది. ఇంజిన్ కొండలు దద్దరిల్లేలా కీచుమంది. గోడ దగ్గర ఒక్కరూ అరవలేదు.

కారు దిగి తలుపు ధన్‌మని వేశాడు. "మీ మిషన్ చెడిపోయింది మేడమ్. నేను మూడులో ఉంచాలనుకుంటి, అది రెండుకు దింపేసింది."

వకుళ పట్టీ చదివింది చూపించే తెర చూసి గొంతు తగ్గించింది. "చెడిపోలేదండీ. మలుపు రాకముందే మీ వీపు, తొడలు బిగుసుకున్నాయి. ఒళ్లు తగ్గించమంది. అది తగ్గించింది."

"అంటే నేను భయపడినానంటారా?"

ఆమె తెరను అతని వైపు తిప్పింది. ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

"అవును, భయమే. పడిన కాడి నుంచి దినామూ భయపడతానే ఉండా. అయినా రాడ్ మీద చెయ్యి కదలనీలేదు నేను. మీ మిషన్ నా భయం మాట ఇన్నాది గానీ, నా మాట ఇనలేదు."

మలుపులో తగ్గినా సరే, ట్రాక్ మొత్తం మీద కొత్త కారుకే తక్కువ టైము పట్టింది. చైర్మన్ ఆమెతో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. చేతి గేరు కథ ముగిసింది.

షెడ్డు వెనక కూర్చున్న ఓబులేసు దగ్గరికి మెకానిక్ మస్తాన్ టీ తెచ్చాడు.

"అందరూ ఇన్నారు గదా," అన్నాడు ఓబులేసు తలెత్తకుండా.

"మాకు ఎప్పుడో తెల్సన్నా. ఆ మలుపు తిప్పొచ్చినాక, చేతుల వణుకు ఆగేదాకా నువ్వు కారు దిగవు గదా. నువ్వు దిగినాకే టీ పోసేది. ముందే పోస్తే చల్లారిపోతాదని."

"మరి మూడే అని అరుస్తాండారెందుకు?"

"భయపడి గూడా దింపలేదని."

ఓబులేసుకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ దాచుకున్న గుట్టు వీళ్లందరి దగ్గరా భద్రంగా ఉందని తెలిసి సిగ్గేసింది, అంతలోనే ప్రాణం తేలికపడింది.

కొత్త కార్లను జనం ఎగబడి కొన్నారు. వానాకాలం దాటకముందే ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. విజయవాడ హోటల్ యజమాని ఒకాయన మామగారిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కితే, ప్రతి మలుపులోనూ కారు కీచుమందట. "భయమేస్తే నెమ్మదిగా పోనీ అల్లుడూ," అన్నాడట మామగారు. హైదరాబాద్ రింగురోడ్డు పక్కన పిల్లలు చెవులు రిక్కించి, "సార్ జడుసుకున్నడురో!" అని చప్పట్లు కొడుతున్నారట. ధైర్యం చూపించుకోవడానికి కోట్లు పోసి కొన్న కారు అందరి ముందూ పరువు తీస్తోంది. వకుళ పట్టీని ఆపేసే స్విచ్ పెట్టింది. అదీ పనిచెయ్యలేదు. స్విచ్ నొక్కగానే పక్కన కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారట.

చైర్మన్ చేతి గేరు లైన్ మళ్లీ తెరిచాడు, రెట్టింపు ధరకు. కొనేవాళ్లు వరసకట్టారు.

"మీరే గెలిచారు," అంది వకుళ, ఓబులేసును వెతుక్కుంటూ వచ్చి. "రాడ్ మీద చెయ్యి వేసి ఒక ఫొటో కావాలట ప్రకటనకు."

ఓబులేసు పకపకా నవ్వాడు. "భయం దాచుకునేవాళ్లకు కావాల మేడమ్ ఆ రాడ్. నాది ఊరంతా ఇనేసె. ఆ కొత్త కారు తాళం ఇట్లియ్యండి."

అది అన్నం వేళ. గోడ దగ్గర అందరూ క్యారేజీలు విప్పుతున్నారు. ఏనుగు మలుపు దగ్గరపడుతుంటే ఓబులేసు వీపు సీటుకు ఆనుకుని హాయిగా ఉంది. పట్టీకి చదవడానికి ఏమీ దొరకలేదు. మోత మారకుండా కారు కొండను చుట్టేసింది. అవతల గోడ దగ్గర నుంచి "మూడే!" అన్న అరుపు వినిపించింది.

కారు ఆగగానే దిగాడు. మస్తాన్ అప్పటికే టీ పోసి ఉంచాడు.