తప్పుల్లేని ప్రూఫు

మా బోర్డుల షాపులో ఒక పద్ధతుంది. రంగు పడేముందు మాటల్ని కాగితం మీద రాసి, ఇంకొకరి చేత చదివించి సంతకం పెట్టించాలి. చదివేది మా నాన్న. ఆయన కంటి ఆపరేషన్ జరిగిన వారం నేను ఎవరికీ చూపించకుండానే బోర్డు రాసేశాను.

మా పక్కనే ఉన్న టైలరింగ్ షాపు ముందు నిచ్చెన మీదున్నాను. ఎదురుగా ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే అమ్మాయి కింద ఆగి, ఈ షాపు ఒక్కరిదా ఇద్దరిదా అని అడిగింది. అన్నదమ్ములిద్దరిదీ అన్నాను.

"మరి మీ బోర్డు ఒకాయన్ని గెంటేసిందేం?"

బ్రదర్స్ అన్న ఇంగ్లీషు మాటలో, పైన పెట్టే అపాస్ట్రఫీ గుర్తు ఎస్‌కి ముందుంటే షాపు ఒక్కడిదేనట. ఇద్దరిదీ కావాలంటే అది ఎస్ తర్వాత ఉండాలట. నాకు ఒళ్లు మండింది. చుక్కంత దానికి ఇంత రాద్ధాంతమా అన్నాను. గెంటేసిన ఆ తమ్ముణ్ణి అడిగి చూడండి అనేసి ఆమె వెళ్లిపోయింది. చేసేదేముంది, దిద్దాను.

మర్నాడు నేనే ప్రెస్‌కి వెళ్లి, నా రాతలు చూసిపెట్టమని బతిమాలాను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి, ఎర్ర పెన్సిల్‌తో నా కాగితాలు దిద్ది సంతకం పెట్టేది. డు నాట్ డోంట్ అయినప్పుడు 'ఓ' అనే అక్షరం ఎగిరిపోయింది కాబట్టి అపాస్ట్రఫీ ఆ చోటే, ఎన్‌కీ టీకీ మధ్య, పెట్టాలని చెప్పింది. ఇట్స్ నన్ను నెల రోజులు ఏడిపించింది. ఇట్ ఈజ్‌ని కుదిస్తేనే అపాస్ట్రఫీ కావాలి, 'దాని' అనే అర్థానికి అక్కర్లేదు. నాలుగున్నరకే చేతుల రంగు కడిగేసుకుని కూర్చునేవాణ్ణి. నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆమె అంటే నాకు ప్రాణమైపోయింది. కానీ రోజుకు నాలుగు తప్పులు చేసేవాడు ఏ మొహం పెట్టుకుని పెళ్లి మాటెత్తుతాడు? ఒక్క ప్రూఫైనా తప్పు లేకుండా ఇచ్చాకే అడగాలని పంతం పట్టాను. ఆమె దిద్దిన కాగితాలన్నీ ముందేసుకుని మూడు నెలలు చదివాను.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లల బట్టల షాపు ప్రూఫు. ఆమె రెండుసార్లు చదివింది. పెన్సిల్ కాగితాన్ని తాకలేదు. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

"బాగా వచ్చేసింది మీకు. ఇక నేను రానక్కర్లేదు" అంది.

పెళ్లి మాట ఎత్తాల్సింది పోయి, బుద్ధి లేకుండా థాంక్స్ చెప్పాను. సంతకం పెట్టి వెళ్లిపోయింది. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు నాన్నకి విసుగొచ్చింది.

"ఒరేయ్, ఆ పిల్ల ఇన్నాళ్లూ నీ బోర్డుల కోసం వచ్చిందనుకుంటున్నావా?"

పరుగున రోడ్డు దాటాను. ప్రెస్‌లో ఆమె తలెత్తి, ఏదైనా తప్పు దొర్లిందా అని అడిగింది.

"తప్పుల్లేకుండా రాసింది మిమ్మల్ని పంపించెయ్యడానికి కాదండీ. నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగే ధైర్యం కోసం."

ఆమె పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మూడు రోజులా ఈ రోడ్డు దాటడానికి?" అంది. ఆదివారం వాళ్లమ్మ ఇంట్లోనే ఉంటుందనీ, మా నాన్నని వెంటబెట్టుకు రమ్మనీ చెప్పింది.

తిరిగొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఆదివారం రమ్మన్నారని చెప్పాను. ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్లి, మంచి చొక్కా వెతుక్కుని తొడుక్కున్నాడు. అప్పటికింకా బుధవారమే.