మీసాలాయన చెయ్యి ఖాళీ లేదు

లెకిషోన్ వాగు పేరు పొద్దుగూకాక మారా అభయారణ్యంలో ఏ సఫారీ క్యాంపు డ్రైవరూ ఎత్తడు. ఎత్తక తప్పకపోతే "ఆ వాగు" అంటాడు, అనేసి బండి అద్దాలు పైకెత్తుకుంటాడు. నీళ్లుండేది వానల్లోనే. మిగతా రోజుల్లో ఇసుక, రాళ్లు, ఒడ్డున వంకర అత్తిచెట్టు... ఒక దెయ్యం.

లెకిషోన్ కూడా డ్రైవరే. ఒక సాయంత్రం బండి అక్కడ మొరాయిస్తే దిగి బాగుచేస్తున్నాడట. పక్కన టార్చి పట్టుకోవాల్సినవాడు, పొదలో గుర్రుమన్న చప్పుడు వినగానే, టార్చితో సహా బండెక్కి తలుపేసుకున్నాడట. చీకట్లో లెకిషోన్ ఒక్కడే మిగిలాడు. తెల్లారేసరికి ఆ ఒక్కడూ మిగల్లేదు.

ఆ పక్కనున్న వీరుడెవరయ్యా అని అడిగితే మాత్రం క్యాంపులో అందరికీ ఒక్కసారే దగ్గొస్తుంది.

అప్పట్నుంచీ ఆ వాగులో బండ్లు వాటంతటవే ఆగిపోతాయని కథ. ఆడది నడిపితే అసలు దాటనివ్వడని బరాసా దానికో తోక తగిలించాడు. బరాసా ఆ క్యాంపులో పెద్ద డ్రైవరు. కొత్తగా వచ్చిన కెముంతో అనే అమ్మాయి డ్రైవరు సీటు మీద తన బావమరిదిని కూర్చోబెట్టాలని అతని ఆశ. దెయ్యాన్ని కూడా సిఫార్సుకి వాడుకోగల మనిషి.

మేనేజరు కెముంతోతో ఒకటే మాట అన్నాడు. "బండిని తాడు కట్టి లాక్కొచ్చిన రోజు, నువ్వు మళ్లీ నీ పాత క్యాంపు వంటింట్లో చపాతీలు ఒత్తుకోవడమే."

మూడో రోజే ఆగింది బండి. ఆ వాగులోనే. సరిగ్గా నడిమధ్యన.

వెనక సీట్లో బిర్గిట్ అనే తెల్ల ముసలావిడ ఒక్కతే ఉంది. పడమట ఎరుపు ఆరిపోతోంది. మిట్ట మీంచి పోతున్న బరాసా రేడియోలో పలికాడు.

"ఏమ్మా కెముంతో, తాడు తెమ్మంటావా?"

"తెచ్చి నీ మెడకి కట్టుకో అన్నా."

డీజిలు పైపు చిట్లింది, లోపలికి గాలి చేరింది. పాత ట్యూబు ముక్క చుట్టి బిగించి, గాలి తీసేస్తే చాలు. కెముంతో పానాల కోసం సీటు కింద తడుముతుండగా రేడియో గరగరలాడింది.

"కెముంతో... మీసాలాయన... నీ వెనక చక్రం దగ్గరే... జాగ్ర—"

తెగిపోయింది.

రేడియోలో జంతువుల అసలు పేర్లు ఎవరూ పలకరు. పలికితే వెనకున్న టూరిస్టులు విని, అక్కడికి పద పదమని ప్రాణం తోడేస్తారు. అందుకే ప్రతి క్యాంపుకీ సొంత ముద్దుపేర్లు. కెముంతో పాత క్యాంపులో సింహాన్ని 'దొరగారు' అనేవాళ్లు. ఇక్కడ చెవులాయనంటే ఏనుగనీ, చుక్కలమ్మంటే చిరుతనీ నేర్చుకుంది. మిగతావి అడిగితే బరాసా, "ముందు ఉద్యోగంలో నిలబడు, చెప్తాలే" అన్నాడు.

కాబట్టి కెముంతో అనుకుంది— పోనీలే, మీసాలాయన అనే మెకానిక్కునెవర్నో పంపాడు, బరాసాలోనూ ఒక మూల మనిషున్నాడు.

దిగింది.

బండి వెనక నిజంగానే ఎవరో ఉన్నారు. కట్టుకున్న ఎర్ర దుప్పటి అంచు, టైరు చెప్పులు... అంతకు మించి కనపడలేదు.

"నువ్వేనా మీసాలాయనవి?"

 మెల్లగా జవాబొచ్చింది— "మీసాలు... నా చేతిలోనే ఉన్నాయి, పిల్లా."

"దువ్వుకున్నది చాల్లే, ఇటు రా. ఈ టార్చి పట్టుకో."

పట్టుకున్నాడు. వెలుగు సరిగ్గా పైపు మీద పడింది, ఇసుమంత కూడా వణకలేదు. దాని వెనకంతా నల్లటి చీకటి. అందులోంచి ఒక కంపు... పచ్చి మాంసం, తడిసిన బొచ్చు.

"స్నానం చేసి ఎన్నాళ్లయిందయ్యా?"

"చాన్నాళ్లయింది."

గుర్ర్‌ర్... మంటూ చప్పుడు.

"తిండి తిని కూడా అన్నాళ్లయిందా? కడుపు ఎలా అరుస్తోందో చూడు! లోపల చపాతీ ఉంది, అయ్యాక తిందువుగాని. ఆ రెండో చెయ్యి కూడా ఇలా వేసి పైపు పట్టుకో."

"ఆ చెయ్యి ఖాళీ లేదు."

"ఇంకా మీసాలేనా! మగవాడికి మీసమిచ్చిన దేవుడు కాస్త సిగ్గు కూడా ఇవ్వాల్సింది."

ఎవరో ఊపిరి బిగబట్టి నవ్వినట్టయింది. కెముంతో ట్యూబు ముక్కని పళ్లతో లాగి బిగించింది. గాలి తీసే మర తిప్పబోయింది.

"ఎడమకి," అంది గొంతు.

"తెలుసు."

"అది కుడి."

"...తెలుసన్నానా!"

ఎడమకి తిప్పింది. బుస్సున గాలి పోయింది, డీజిలు చిమ్మింది. టార్చి మెల్లగా కదిలి ఆమె చేతిలోకి వచ్చింది. తగిలిన వేళ్లు వాగు రాళ్లలా చల్లగా ఉన్నాయి.

"పోయి బండెక్కు. వెనక్కి చూడకు. బరాసా కనపడితే చెప్పు... టార్చి పట్టుకోవడమంటే ఇదీ అని."

ఇంజను రెండో తిప్పుకి అందుకుంది. చపాతీ ఇద్దామని కిటికీలోంచి చెయ్యి చాపితే అక్కడెవరూ లేరు.

గేటు దగ్గర బరాసా, తుపాకులతో ఇద్దరు గార్డులు జీపెక్కబోతున్నారు. మేనేజరు ముందు బండి ముక్కు చూశాడు, తర్వాత తోక చూశాడు. తాడు లేదు. "రేపు పొద్దున్న కూడా నువ్వే తియ్యి," అని మొహం తిప్పుకున్నాడు.

బరాసా మాత్రం మీదికొచ్చాడు. "బుద్ధుందా నీకు? వెనక చక్రం దగ్గర మీసాలాయనున్నాడని అరిచి చస్తే, కిందికి దిగుతావా? పైనుంచి నాకు కనపడుతూనే ఉంది!"

"దిగకపోతే పని ఎలా అవుతుంది? నువ్వు పంపినవాడేగా. కంపే గానీ, మంచోడు."

"నేను పంపడమేంటే! మీసాలాయనంటే సింహం!"

 ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.

బిర్గిట్ కర్ర ఆనించుకుంటూ మెల్లగా దిగింది. ఆవిడకి వాళ్ల భాష తెలియదు, తగువు అంతకన్నా తెలియదు. మేనేజరు చెయ్యి పట్టుకుని ఊపేస్తూ ఇంగ్లీషులో అందుకుంది.

"అద్భుతమండీ! ఇది కూడా టిక్కెట్టులోనే అని ఎక్కడా రాయలేదే? ఈ అమ్మాయి పని చేసుకున్నంతసేపూ ఆయన ఒక చేత్తో టార్చి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆ సింహాన్ని మీసాలు పట్టుకుని, తప్పు చేసిన పిల్లాణ్ణి నిలబెట్టినట్టు నిలబెట్టాడు!"

గార్డు చేతిలో తుపాకి కిందికి వాలింది.

కెముంతో తన చేతిలో టార్చి వంక చూసుకుంది. వేళ్లకి ఆ చల్లదనం ఇంకా వదల్లేదు.

"అన్నట్టు బరాసా అన్నా," అంది, "ఆయన నీకో మాట చెప్పమన్నాడు. టార్చి పట్టుకోవడమంటే ఇదీ... అన్నాడు."

బరాసాకి దగ్గొచ్చింది.

ఇక ఆగలేదు.