తాగకుండా ఉంచిన కప్పు

తెల్లవారేసరికి ఆకాశం విచ్చుకుంది. అప్పటిదాకా మబ్బులనుకున్నవి మంచుకొండలై నిలబడ్డాయి. చెరువు గట్టుకంటే ఎత్తైనది చూడనివాణ్ణి, ఖాట్మండు వీధిలో మెడ ఎత్తి అలాగే ఉండిపోయాను.

మా మావయ్య కూతురు భవ్య ఇక్కడ టిబెటన్ నేర్చుకుంటోంది. ముప్పై ఏళ్ళొచ్చాక, భీమవరంలో లెక్చరర్ ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ. నన్ను పంపుతూ మావయ్య సుబ్బరామరాజుగారు ఒకటే మాటన్నారు.

"దాన్ని నువ్వడుగుతావా, ఆకివీడు సంబంధం ఖాయం చేసెయ్యనా? తేల్చుకురా శ్రీనూ."

మధ్యాహ్నం నా ఫ్లైట్. ఈలోగా అడగాలి.

ఆమె అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళాను. ఇంటావిడ డోల్మాగారు నన్ను కూర్చోబెట్టి, వెన్నా ఉప్పూ వేసిన టీ పోశారు. లోపలి గదిలో పాఠం నడుస్తోంది. భవ్య ఒక వాక్యం చదివింది. మాస్టారు ఆపారు. మళ్ళీ చదివింది. మళ్ళీ ఆపారు. కాలేజీలో పిల్లల్ని గడగడలాడించే మనిషి, పదిసార్లు ఆపినా విసుక్కోలేదు. పదకొండోసారి మాస్టారు నవ్వారు. తనూ నవ్వింది.

మా ఇళ్ళల్లో పోసింది మిగిలిస్తే ఇంటావిడను చిన్నబుచ్చినట్టే. కప్పు ఖాళీ చేశాను. ఆవిడ నింపారు. మళ్ళీ చేశాను. మళ్ళీ నింపారు.

భవ్య బయటికొచ్చి నా మొహం చూసింది.

"ఎన్నోదండీ బావగారూ?"

"ఏడోది."

పొట్ట పట్టుకుని నవ్వింది. "ఖాళీ కప్పు చూస్తే ఆవిడ ఊరుకోరు బావా! ఒక గుక్క తాగి ఉంచెయ్యాలి. వెళ్ళిపోయేటప్పుడే ఖాళీ చెయ్యాలి."

"ముందే చెప్పొచ్చుగా."

"మీరు ఏదైనా అడిగితేగా! చిన్నప్పట్నించీ అంతేగా."

తల దించుకున్నాను. "ఈ చదువెందుకు?" అన్నాను.

"అమరావతి స్తూపం దగ్గర ఒక టిబెట్ ముసలమ్మ మట్టి తీసి కళ్ళకద్దుకుంది. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి ఏడ్చింది. మన మట్టి గురించి బావా! నాకొక్క ముక్క అర్థం కాలేదు."

ఆ కళ్ళల్లో పొద్దుటి కొండలు కనబడ్డాయి.

"ఇంకా ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు. నన్ను తీసుకురమ్మన్నారా నాన్నగారు?"

"కాదు."

"మరి?"

బయట టాక్సీ హారన్ కొట్టింది.

"తాగేసి లేవండి, టైమైంది." ఆమె గొంతులో నవ్వు లేదు.

డోల్మాగారు పోసిన ఎనిమిదో కప్పు ఎదురుగా ఉంది. ఒక్క గుక్క తాగాను. నిండుగానే కింద పెట్టాను.

"ఫ్లైట్ పోతుంది బావా."

"పోనీ."

"రొయ్యల చెరువు పట్టుబడి ఉందన్నారు?"

"తమ్ముడు పట్టిస్తాడు."

భవ్య కప్పుకేసి చూసింది. నాకేసి చూసింది.

"రెండేళ్ళు ఆగగలరా?"

"రొయ్యపిల్లను వదిలి పంటకోసం ఆగేవాణ్ణి."

"అది నాలుగు నెలలేగా!"

"అయితే ఆరు పంటలు. ఆగుతాను."

కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ తీసింది. "నాన్నగారండీ, మీరు చెప్పిన ఆకివీడు వాళ్ళకి వద్దని చెప్పెయ్యండి. ఆఁ, బావ ఇక్కడే ఉన్నారు. అడిగారండీ... అడిగినట్టే."

టాక్సీ వెళ్ళిపోయింది. డోల్మాగారు వేడివేడి నూడుల్స్ పులుసు తెచ్చారు. నేను అమ్మ పంపిన ఆవకాయ జాడీ విప్పాను. మాస్టారూ వచ్చి కూర్చున్నారు. నలుగురం తిన్నాం. మధ్యలో ఆ కప్పు నిండుగా ఉంది.