కోపానికి జీతం

"ఇదేం రంగండీ? దీన్నెవరైనా రంగంటారా?"

మిరపకాయ కాళ్ళకున్న చెప్పులు విప్పి కౌంటర్ మీద ధడాలున పెట్టింది. చెప్పుల షాపులో అందరూ తిరిగి చూశారు. కౌంటర్ వెనక నిలబడ్డ సేల్స్ కుర్రాడు మాత్రం మొహాన అతికించినట్టున్న నవ్వు చెదరనివ్వలేదు.

"సారీ మేడమ్. వేరే రంగు ఇస్తాం."

"మొన్న ఇదే బావుందన్నారుగా!"

"పొరపాటు నాదే మేడమ్."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎదురు తిరిగేవాడితో ఎంతసేపైనా దెబ్బలాడొచ్చు. ప్రతి మాటకీ తల ఊపేవాడితో ఎలా?

ఈ దెబ్బలాట ఆమె ఉద్యోగం. బావ ట్రాన్స్‌ఫర్ల వెంట అక్కతో పాటు ఊళ్ళు మారీ మారీ ఈ కొత్త ఏరియాకి వచ్చినప్పటినుంచీ ఆమెకి కుళాయి మీద కోపం, లిఫ్ట్ మీద కోపం, ఎదురుపడినా పలకరించని పక్కింటివాళ్ళ మీద కోపం. మిరపకాయ అన్న పేరు బావ పెట్టిందే. ఫోన్లో ఆ ప్రకటన చూసిందీ ఆయనే.

"ఏమే మిరపకాయ్, మిస్టరీ షాపింగట! కస్టమర్‌లా నటిస్తూ వెళ్ళి, షాపువాళ్ళు ఎలా చూస్తున్నారో గుట్టుగా చెప్పాలిట. నువ్వు ఊరికే చేసే పనికి వీళ్ళు జీతమిస్తారే!"

ఏజెన్సీ మేడమ్ ఫోన్లోనే ఉద్యోగం ఇచ్చేసింది. "మాకు కొత్తగా వచ్చినవాళ్ళే కావాలమ్మా. మిమ్మల్నెవరూ గుర్తుపట్టరు చూడండి, అదే మీ క్వాలిఫికేషన్."

ఆ మాట ముల్లులా దిగింది. అయినా ఒప్పుకుంది. ఒక జత కొని, వాడి, కారణం లేకుండా తిరిగివ్వాలి. ఎంత రెచ్చగొట్టినా అతను గొంతు పెంచకుండా ఉంటాడా లేదా అన్నదే పరీక్ష.

"డబ్బు వెనక్కివ్వండి! మీ నవ్వు నాకక్కర్లేదు!" అని ఆమె పక్కకి తిరిగింది.

అతని చూపు ఆమె మడమ మీద పడింది. నవ్వు ఊడిపోయింది.

"అదేంటి, రక్తం! చెప్పు కరిస్తే కరిచిందనాలి గానీ రంగు బాలేదంటారేంటి? బుద్ధుందా అసలు? కూర్చోండి!"

షాపు దద్దరిల్లింది. ఆమె కూర్చుంది. అతను దూది తెచ్చి, నేల మీద కూర్చుని, గాయం తుడిచి ప్లాస్టర్ వేశాడు. చేతులు మెత్తగానే ఉన్నాయి, నోరే ఆగలేదు.

"మొన్న వానలో తడుస్తూ వచ్చారు. గొడుగు మడవడం రాక తిట్టుకున్నారు. ఒక సైజు పెద్దది తీసుకోండని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నారా?"

ఈ ఏరియాలో తనని గుర్తుపెట్టుకున్న మొదటి మనిషి. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపొస్తున్నందుకు ఇంకా కోపమొచ్చింది. విసురుగా లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. "గొంతు పెంచాడా?"

"పెంచాడు, కానీ ఎందుకంటే..."

"అది చాలమ్మా."

లైన్ కట్. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

మర్నాడు షాపు ముందు నుంచి వెళ్తూ చూస్తే కౌంటర్ దగ్గర అతను లేడు. బిల్లులు వేసే అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "లోపల స్టోర్‌రూమ్‌లో పెట్టెలు సర్దుతున్నాడు. రేపట్నుంచి రావద్దన్నారు. ఎవరో దొంగ కస్టమరొచ్చి చాడీ చెప్పిందిట."

ఇంటికొచ్చి చెబితే అక్క కంగారు పడింది. "నేనేనని వెళ్ళి చెప్పావంటే ఈ ఉద్యోగమూ పోతుందే. ఎన్నిటిని వదులుకుని రాలేదు మనం?"

"రాలేదా మరి! ప్రతిచోటా సామాను ఎక్కించి, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశాం. ఈసారి నేనలా వదలనక్కా."

వదిలొచ్చిన మనిషికి మనం ఒక మాట బాకీ ఉంటే, ఆ మాట గొంతులో ఎన్నేళ్ళైనా అలాగే ఉండిపోతుంది.

ఆమె విసవిసా షాపుకి తిరిగెళ్ళి మేనేజర్ గదిలోకి నడిచింది.

"ఆ దొంగ కస్టమర్‌ని నేనే. కావాలని రెచ్చగొట్టాను. ఆయన అరిచింది నా కాలు చూసి. నవ్వుతూ జత మార్చి పంపేసుంటే మీకు ఫుల్ మార్కులొచ్చేవి, నా మడమ చీము పట్టేది. అలాంటి షాపు కావాలా మీకు?"

మేనేజర్ ఏజెన్సీకి ఫోన్ చేశాడు. అవతల మేడమ్ మండిపడింది. "తనెవరో చెప్పేసిందా? ఇక మాకు ఆ అమ్మాయి అక్కర్లేదు!"

మేనేజర్ ఫోన్ పెట్టేసి నుదురు రుద్దుకున్నాడు. "సరేనమ్మా, వాణ్ణి కౌంటర్‌కి రమ్మంటాను."

గుమ్మంలో అట్టపెట్టెలు పట్టుకుని అతను నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"అయితే అదంతా నాటకమా?"

"తగాదా నాటకం. గాయం నిజం."

"ఆ వానలో తడిసి రావడం?"

"వానని నేను తెప్పిస్తానా!"

"అమ్మకి ఏం చెప్పాలో తెలీక పొద్దుట్నుంచి అన్నం సయించలేదు నాకు!"

"నాకు మాత్రం సయించిందా?"

"మీకెందుకు సయించలేదు?"

"తెలీదు!"

"బయటికెళ్ళి అరుచుకోండి బాబూ, కస్టమర్లొస్తారు," అన్నాడు మేనేజర్.

బయట వాన మొదలైంది. ఇద్దరూ రేకు కింద, చెరో పక్కకి మొహాలు తిప్పుకుని నిలబడ్డారు.

"మీ ఉద్యోగం పోయిందిగా. ఇప్పుడేం చేస్తారు?" అతని గొంతులో ఇంకా కోపమే.

"ఇంకోటి వెతుక్కుంటాను."

"ఈ ఏరియాలోనేనా?"

చివరికొచ్చేసరికి ఆ గొంతులో కోపం కరిగిపోయింది. ఆమెకి వినిపించింది.

"బావకి మళ్ళీ ట్రాన్స్‌ఫరైతే, ఈసారి నేను రానని చెప్పేస్తాను."

"ఎందుకట?"

"మీతో తగాదా ఇంకా తేలలేదు."

అతను ఇటు తిరిగాడు. నవ్వాడు. ఈసారి ఎవరూ అతికించని నవ్వు.

"ఇది ఈ జన్మకి తేలేది కాదులెండి."